చేమమడుగులోని పావురము

విశాఖపట్నమునుండి సముద్రపు టొడ్డు వెంట ఉత్తరముగా పోయినచో భీమునిపట్నము వచ్చును. గోస్తనీనది సముద్రమున కలియు ఆ ఊరిలో డచ్చివారి సమాధులు కొన్ని నేటికిని నిలిచియున్నవి. రాతిపలకల మీద వంశచిహ్నములు, వాని క్రింద మన నోట పలుకుటకు కష్టమైన పేర్లు. సెలవు దినమున పిల్లలతో ఆ దారిని పోయినవారు వానిని చూచియే యుందురు. వారు 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ కాలపువారు. గుడ్డల బేరమునకై ఆ కంపెనీ 17వ శతాబ్దమున భీమునిపట్నమున కోట కట్టినది. అదే శతాబ్దమున, అదే కంపెనీ కొలువువారు, హిందూ మహాసముద్రము ఆవలి అంచున ఒక చిన్న దీవిలో ఒక పక్షి కడపటి దినములను చూచిరి. ఆ పక్షి ఒక పావురము. నేడు దాని ఎముకలు తప్ప మరేమియు దాదాపుగా మిగులలేదు. ఆ ఎముకల కథలో మన దేశపు కూలివాండ్ర పాదముల జాడ కూడ కలదు. అందుచేతనే ఆ కథను మన మిచట చెప్పుకొనవలసియున్నది.

ఆ దీవి మారిషస్. మడగాస్కరునకు తూర్పున, సుమారు 80 లక్షల సంవత్సరముల క్రిందట అగ్నిపర్వతము సముద్రగర్భమునుండి పైకి లేచుటచే ఏర్పడిన భూమి అది. చుట్టును నీరే యగుటచేత పులి, నక్క, పిల్లి, ఎలుక వంటి జంతువు లేవియు తమంతట తాము అచటికి చేరజాలలేదు. రెక్కలున్నవే చేరినవి, నీటిలో తేలగలిగిన తాబేళ్లు చేరినవి. అట్లు ఏ యుగముననో చేరిన పావురముల సంతతియే డోడో అను పక్షి. భయపెట్టు శత్రువు లేదు. ఎగురవలసిన అగత్యము లేదు. రాలిన పండ్లును గింజలును నేలమీదనే దొరకుచుండెను. తరతరములకు ఒడలు పెరిగినది, రెక్కలు చిక్కినవి, కాళ్లు బలిసినవి. నిలుచున్నప్పుడు ఎత్తు మూడడుగులకు కొంచెము తక్కువ. బరువు 10 నుండి 18 కిలోల వరకు ఉండవచ్చునని నేటి అంచనా. మన ఇండ్ల చూరులలో గూళ్లు పెట్టు పావురము బరువు అరకిలోకు మించదు. దాని దాయాది ఇంతటి దేహము దాల్చుట ప్రకృతిలో జరిగిన వింతలలో ఒకటి.

1598 సెప్టెంబరులో వైబ్రాండ్ వాన్ వార్విక్ అను నావికాధిపతి క్రింద డచ్చి ఓడలు కొన్ని ఆ దీవిని చేరినవి. తమ రాకుమారుడగు మారిట్స్ పేరనే దీవికి మారిషస్ అని పేరు పెట్టిరి. ఒడ్డున దిగినవారికి ఈ పక్షి ఎదురుగా వచ్చెను. మనుష్యుని చూచి పారిపోవలెనని దానికి తెలియదు. నావికులు దానిని పట్టి వండుకొనిరి. ఎంత ఉడికించినను మాంసము గట్టిగనే యుండెనట. అందుచేత దానికి ‘రోత పుట్టించు పక్షి’ అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. అదే దీవిలో రుచికరమైన చిన్న పావురములు ఎన్నియో దొరకుచుండెను. కనుక డోడోను మనుష్యులు తిని తిని అంతరింపజేసిరి అనుట పూర్తిగా నిజము కాదు. ఆ శతాబ్దమున దీవిలో కాపురమున్నవారు కొలదిమందియే.

నిజమైన చేటు ఓడలనుండి దిగిన జంతువులవలన కలిగినది. ఎలుకలు దిగినవి, పందులు దిగినవి, కోతులు దిగినవి, మేకలు దిగినవి. డోడో నేలమీదనే గూడు కట్టుకొనుచుండెను. నాటి ప్రయాణికుల వ్రాతలనుబట్టి అది ఒక తడవకు ఒకే గ్రుడ్డు పెట్టునది. ఒకే గ్రుడ్డు, అదియు నేలమీద, చుట్టును పందులు, ఎలుకలు, కోతులు! మన పెరటిలో కోడి పొదుగుటకు కూర్చుండినపుడు గంప బోర్లించి కాపాడు ఇల్లాలికి ఈ పరిస్థితిని వివరించి చెప్పవలసిన పని లేదు. పెద్ద పక్షులు చాల కాలము బ్రతికి యుండవచ్చును. కాని పిల్లలు లేవు. వంశము అట్లు చప్పుడు లేకుండ క్షీణించినది.

డచ్చివారు 1638లో దీవిలో స్థిరనివాసము ఏర్పరచిరి. మరుసటి సంవత్సరము వారి గవర్నరు ఆడ్రియాన్ వాన్ డెర్ స్టెల్ జావాదీవినుండి రెండింటిని తెప్పించెను. ఒకటి దుప్పి, రెండవది చెరకు. ఈ రెండవదానిని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. రెండు శతాబ్దముల తరువాత మన తీరపు జనులను ఆ దీవికి రప్పించినది ఆ చెరకే.

1662లో ఓడ పగిలి దీవిని చేరిన వోల్కర్ట్ ఎవర్ట్స్ అను నావికుడు, ప్రధానమైన దీవికి పక్కనున్న ఒక చిన్న తిప్పమీద ఈ పక్షులను చూచినట్లు వ్రాసెను. ఒకదానిని కాలు పట్టుకొనగా అది అరచెననియు, ఆ అరుపు విని మిగిలినవి దానికి తోడుపడుటకై పరుగెత్తుకొని వచ్చెననియు, వచ్చినవన్నియు పట్టుబడెననియు ఆతడు చెప్పెను. సందేహము లేని కడపటి దర్శనముగా పండితులలో పలువురు దీనినే అంగీకరింతురు. తరువాత మరి మూడు దశాబ్దములకు, అనగా 17వ శతాబ్దాంతమునకు, జాతి పూర్తిగా నశించి యుండునని గణితము వేసి చెప్పినవారు కలరు. 1710లో డచ్చివారు దీవిని విడిచి వెడలిపోయిరి. అప్పటికి డోడో లేదు. ఉన్నదానిని ఎవరును లెక్కించలేదు. పోయినదని ఎవరును ఏడ్వలేదు.

మన దేశమునకు ఈ పక్షి పూర్తిగా క్రొత్తది కాదు. పీటర్ మండీ అను ఆంగ్లేయ వర్తకుడు 1628, 1634 సంవత్సరముల నడుమ సూరతులో రెండు డోడోలను చూచినట్లు తన దినచర్యలో వ్రాసికొనెను. జహంగీరు చక్రవర్తి ఆస్థానపు చిత్రకారుడగు ఉస్తాద్ మన్సూర్ కుంచె నుండి వెలువడినదిగా భావింపబడుచున్న ఒక చిత్రమున, మన దేశపు పక్షుల నడుమ డోడో నిలిచియున్నది. 1625 ప్రాంతపు ఆ చిత్రము రష్యాలోని హెర్మిటేజి ప్రదర్శనశాలలో పడియుండగా 1950లలో పండితుల కంటబడినది. ఐరోపా చిత్రకారులు పెక్కురు డోడోను ఉబ్బిన ముద్దవలె గీసిరి. మొగలు చిత్రకారుడు మాత్రము కంటి ఎదుట నున్న ప్రాణిని ఉన్నట్లు గీసెనని పండితు లిప్పుడు దానిని ఎక్కువగా నమ్ముచున్నారు.

కాని జ్ఞాపకము త్వరగా చెదరిపోవునది. 19వ శతాబ్దము ప్రారంభమగునాటికి ఐరోపాలో డోడో యొక్క అవశేషములు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే యుండెను. ఆక్స్ఫర్డులో ఎండిన తల ఒకటి, పాదము ఒకటి, లండనులో మరియొక పాదము, కోపెన్‌హాగెనులో కపాలము, ప్రాగులో ముక్కు తునక. నావికుల వ్రాతలు ఒకదాని కొకటి పొసగవు. చిత్రములు ఒకదాని నొకటి పోలవు. అట్టి పక్షి అసలు ఉండెనా, లేక నావికులు కల్పించిన గండభేరుండమువంటిదా యని అనుమానించిన శాస్త్రజ్ఞులు కూడ ఉండిరి. ఉండెనన్నవారిలో ఒకరు చిన్న ఉష్ట్రపక్షి యనిరి. ఒకరు రాబందు అనిరి. మరియొకరు సముద్రపక్షియగు ఆల్బట్రాస్ అనిరి.

పావురము అని తొలుత పలికినవాడు డెన్మార్కు దేశీయుడగు రైన్‌హార్ట్. కోపెన్‌హాగెను కపాలమును చూచి 1840లలో ఆతడా మాట చెప్పినపుడు తోటివారు నవ్విరి. ఇంతటి కొంకిముక్కు, ఇంతటి దేహము గల పక్షి పావురమగుట ఎట్లు? 1848లో ఇంగ్లండున హ్యూ స్ట్రిక్‌లాండ్, అలెగ్జాండర్ మెల్విల్ అనువారు ఆక్స్ఫర్డు తలను, పాదమును విప్పి ఎముక ఎముకను సరిపోల్చి, రైన్‌హార్ట్ చెప్పినదే నిజమని ఒక గ్రంథము ప్రకటించిరి. ముక్కు చివరి కొంకియు, ముక్కు మొదట మెత్తని చర్మమును, పాదము ఎముకల కూర్పును పావురజాతినే చూపుచున్నవని వారు నిరూపించిరి. ఆ స్ట్రిక్‌లాండ్ 1853లో రైలుదారికై తొలచిన గట్టులోని రాతిపొరలను పరిశీలించుచు, వచ్చుచున్న రైలుబండి తగిలి మరణించెను. చిత్రమేమనగా, ఆతడు కోరిన ఎముకలు బయటపడిన వేళ మారిషస్‌లోనూ అచ్చట ఒక రైలుదారి కట్టబడుచుండెను.

ఇక మన చెరకు సంగతి. 1810లో ఆంగ్లేయులు ఫ్రెంచివారినుండి మారిషస్‌ను గెలుచుకొనిరి. 1835లో అచట బానిసత్వము రద్దయినది. చెరకుతోటలకు పనివారు కావలసివచ్చిరి. 1834 నవంబరునుండియే ఒప్పందపు కూలీలను మన దేశమునుండి ఓడలలో తీసికొనిపోవుట ఆరంభమయ్యెను. తొలి ఒప్పందములలో కాలపరిమితి ఐదేండ్లు, జీతము మగవానికి నెలకు 5 రూపాయలు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దముల వరకు ఈ విధముగా వెళ్లినవారు సుమారు నాలుగున్నర లక్షలు. బీహారు, తమిళనాడు, మహారాష్ట్ర ప్రాంతములవారితోపాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారును వారిలో ఉండిరి. కరవు వచ్చినవేళ, అప్పు మెడమీద కూర్చున్నవేళ, మేస్త్రీ మాట నమ్మి ఓడ ఎక్కినవారు వారు. తిరిగి వచ్చినవారు కొందరు. పెక్కురు అచటనే యుండిపోయిరి.

ఆ దీవి ఆగ్నేయతీరమున మహేబూర్ అను పట్టణము కలదు. అచటి ప్రభుత్వ పాఠశాలలో జార్జ్ క్లార్క్ అను ఉపాధ్యాయు డుండెను. స్ట్రిక్‌లాండ్ గ్రంథము చదివినది మొదలు ఆతనికి డోడో ఎముకలు కనుగొనవలెనని కోరిక పట్టినది. చాల ఏండ్లు వెదకెను, దొరకలేదు. దీవి నేల చాల భాగము అగ్నిపర్వతపు రాయి. అందులో ఎముక నిలువదు. వాన నీరు కొట్టుకొని వచ్చి ఒండ్రు పేరుకొను పల్లపుభూమిలో మాత్రమే నిలువగలదని ఆతడు కడకు ఊహించెను. అట్టి పల్లము ఒకటి ప్లేసాన్స్ అను తోటలో ఉండెను. దాని పేరు మార్ ఓ సోంజ్. ‘సోంజ్’ అనగా అచటివారి భాషలో మనము పెరటిలో పెంచుకొను చేమయే. కనుక ఆ పేరును తెలుగు చేసినచో ‘చేమమడుగు’ అగును.

1865లో తోట యజమాని కూలీలు చెరకునకు ఎరువుగా ఆ మడుగులోని నల్లని కుళ్లుమట్టిని త్రవ్వి తీయుచుండిరి. మహేబూరునకు వేయుచున్న రైలుదారి దానికి చేరువనే పోవుచుండెను. ఆ దారి పనిలోనున్న ఇంజనీరు హ్యారీ హిగ్గిన్సన్, కూలీలు మట్టిలో దొరకిన ఎముకలను విడదీసి కుప్పలు పెట్టుచుండుట చూచెను. ఇంచుమించు అదే సమయమున క్లార్క్ కూడ ఆ మడుగునకు వచ్చెను. ముందెవరు కనుగొనిరన్న వాదము తరువాత వారిద్దరి పేర్లమీద నడచినది. కాని హిగ్గిన్సన్ తానే వ్రాసిన మాటనుబట్టి చూచినను, ఆతడు వచ్చుసరికి ఎముకలు కుప్పలుగా నున్నవి. మట్టిలో ఎముకను ముందుగా చూచిన కన్నులు, దానిని పారవేయక వేరుగా పెట్టిన చేతులు, ఆ ఇద్దరివియు కావు.

క్లార్క్ తాను చేసిన పద్ధతిని 1866లో ‘ఐబిస్’ అను పక్షిశాస్త్ర పత్రికలో వివరించెను. మడుగు నడుమ నీరు మూడడుగుల లోతు. ఆతడు కొందరు కూలీలను అందులోనికి దింపి, వట్టి పాదములతో బురదను తడిమి ఎముకలను కనుగొనుమని చెప్పెను. వారు తడిమిరి. ముందుగా కాలి ఎముక ఒకటి సమూలముగా దొరకెను. మరియొకదాని తునక దొరకెను. మరికొంత లోతైన చోట నీటిమీద దట్టముగా అల్లుకొన్న గడ్డిని కోసి తొలగించిన తరువాత ఎముకలు విస్తారముగా వచ్చినవి. వరిమడిలో దిగి నాట్లు వేసినవారికి, ఎండకాలమున చెరువులో దిగి చేపలు పట్టినవారికి ఈ విద్య క్రొత్తది కాదు. కంటికి కనబడనిదానిని అరికాలు గుర్తించును: ఇది రాయి, ఇది వేరు, ఇది ముల్లు అని. ఆనాడు ఆ అరికాళ్లు, ఇది ఎముక అని గుర్తించినవి. గొప్ప గొప్ప విద్వాంసులు నూరేండ్లు వాదించుకొన్న ప్రశ్నకు ఉత్తరము అట్లు బురదనుండి బయటికి వచ్చినది.

ఆ మడుగునుండి కాలక్రమమున 300కు పైగా డోడోల ఎముకలు లభించినవి. క్లార్క్ పంపిన పెట్టెలు లండను చేరినవి. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ 1866లో ఆ ఎముకలనుబట్టి డోడో యొక్క అస్థిపంజరమును వర్ణించి గ్రంథము ప్రకటించెను. మొదట ఆతడు ఒక పాత చిత్రపు రూపురేఖలలో ఎముకలను ఇరికించి పక్షిని మరీ పొట్టిగా, క్రుంగినట్లుగా చూపెను. మరికొన్ని ఎముకలు వచ్చిన తరువాత తన తప్పు తానే దిద్దుకొని, పక్షిని నిటారుగా నిలిపెను. చిత్రకంటె ఎముక గొప్ప సాక్షి యని ఆ విధముగా తేలినది. అదే 1865లో లూయిస్ కారల్ వ్రాసిన పిల్లల కథ ఒకటి వెలువడి, అందులో పాత్రగా డోడో ప్రపంచమంతటను ప్రసిద్ధి కెక్కినది. ఒకే సంవత్సరమున ఆ పక్షి కథలోనికిని వచ్చినది, శాస్త్రములోనికిని వచ్చినది.

ఓవెన్ పేరు నిలిచినది. క్లార్క్ పేరు నిలిచినది. హిగ్గిన్సన్ పేరు నిలిచినది. తోట యజమాని పేరును గ్రంథములలో కలదు. మడుగులో దిగినవారికి మాత్రము ఆ వ్యాసములో ఒకటే పేరు: కూలీలు. వారు ఏ ఊరివారు, ఏ భాషవారు, వారిలో మన తీరపువారెందరు అను మాట అందులో లేదు. అయినను వారు పేరులేనివారు కారు. మారిషస్‌లో ఒప్పందపు కూలీల దస్త్రములు భద్రముగా నున్నవి. ఓడ దిగిన ప్రతి మనుష్యునకు ఒక సంఖ్య. ఆ సంఖ్యకు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చ, జిల్లా, గ్రామము. 1860లనుండి ఛాయాచిత్రములు కూడ తీయబడినవి. మహాత్మాగాంధీ సంస్థలో ఆ దస్త్రములను నేడు చూడవచ్చును. తాతముత్తాతల ఊరు తెలిసికొనగోరి వాటిని తిరగవేయు మనుమలు అచటికి వచ్చుచుందురు. చేమమడుగులో పాదము పెట్టినవారి పేర్లును ఆ పుటలలోనే ఎచటనో ఉన్నవి. ఒక పుస్తకములో పక్షి ఎముకలు, మరియొక పుస్తకములో వానిని తీసినవారి పేర్లు. రెండు పుస్తకములను ఒకచోట చేర్చి చదువు పనిని మాత్రము ఆనాడు ఎవరును చేయలేదు.

మడుగు కథ అంతటితో ముగియలేదు. 1940లలో దోమలను అరికట్టుటకై దానిని రాళ్లతో కప్పివేసిరి. ప్రక్కనే విమానాశ్రయము వెలసినది. నేడు మారిషస్‌లో దిగు ప్రయాణికుడు ఆ మడుగునకు చాల చేరువనే భూమిని తాకును. 2005లో డచ్చి, మారిషస్ పరిశోధకులు, కెన్నెత్ రైస్‌డైక్ మున్నగువారు, ఆ రాళ్ల క్రింద చెక్కుచెదరని ఎముకల పొరను తిరిగి కనుగొనిరి. కాలనిర్ణయము చేయగా ఆ ఎముకలు సుమారు 4,200 సంవత్సరముల నాటివని తేలినది. ఆ కాలమున తీవ్రమైన అనావృష్టి వచ్చినది. చుట్టుపట్ల నీరు ఇంకిపోగా పెద్ద తాబేళ్లు, డోడోలు, ఇతరపక్షులు ఆ కడపటి నీటికై గుమిగూడి, బురదలో చిక్కి వేలకొలదిగా మరణించినవి. అయినను డోడో జాతి నశింపలేదు. వానలు మరల కురిసినవి. మిగిలినవి మరల పెరిగినవి. ప్రకృతి తెచ్చిన అంతటి కరవును ఓర్చుకొన్న జాతి, ఓడలు తెచ్చిన ఎలుకలను, పందులను నూరేండ్లపాటు కూడ ఓర్చుకొనలేకపోయినది. చేమమడుగు మనకు చెప్పు మాటలలో ముఖ్యమైనది ఇదియే.

ఎముకలు మరికొన్ని సంగతులను కూడ చెప్పినవి. డోడో మందబుద్ధి గల పక్షి యని లోకమున వాడుక. 2016లో కపాలము లోపలి ఖాళీని కొలిచి చూచినవారు, దేహప్రమాణమునకు తగినంత మెదడు, మిగిలిన పావురములకు ఉన్నంతయే, దానికిని ఉండెనని తేల్చిరి. శత్రువును ఎరుగనివాడు మూఢుడు కాడు. 2017లో ఎముకలను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూడగా, పిల్లలు త్వరత్వరగా పెరిగెననియు, ఆ దీవిలో తుపానుల ఋతువు వచ్చులోపల ఒడలు గట్టిపడునట్లు పుట్టుకకాలము అమరియుండెననియు కనుగొనిరి. ప్రతి యేట కార్తికమాసమున ఆకాశమువంక చూచి భయపడు విశాఖతీరపు వారికి ఆ పక్షి జాగరూకత అర్థము కాగలదు.

సంపూర్ణమైన అస్థిపంజరము, అనగా ఒకే పక్షి ఎముకలన్నియు, పండితులకు కాక ఒక క్షురకునకు దొరకినవి. పోర్ట్ లూయీ నగరమున క్షురకవృత్తిలోనున్న ఎటియెన్ తిరియూ అను ప్రకృతిప్రియుడు, 20వ శతాబ్దారంభమున, సెలవు దొరకినప్పుడెల్ల కొండలెక్కి గుహలు గాలించి ఎముకలను సేకరించెను. అందొకటి పోర్ట్ లూయీ ప్రదర్శనశాలలో నేడున్నది. కూలివాండ్రు, బడిపంతులు, క్షురకుడు: ఈ శాస్త్రమునకు పునాదిరాళ్లు మోసినవారు వీరు.

డోడోకు నేడు సజీవులగు బంధువు లెవరు? 2002లో బెత్ షపీరో మున్నగు శాస్త్రజ్ఞులు ఆక్స్ఫర్డులోని ఆ పాత అవశేషమునుండి సూక్ష్మాంశము తీసి, దానిలోని జన్యుపదార్థమును నేటి పావురములతో పోల్చిరి. మిగిలిన పావురములన్నిటికంటె దగ్గరి చుట్టము నికోబారు పావురము అని తేలినది. నికోబారు దీవులు మన బంగాళాఖాతమునకును అండమాను సముద్రమునకును నడుమ నున్నవి. విశాఖరేవునుండి అండమానునకు ప్రయాణికుల ఓడలు నడచిన సంగతి శ్రోత లెరుగుదురు. అచటినుండి ఇంకను దక్షిణముగా పోయినచో, మెడమీద పొడవైన ఈకలు వ్రేలాడుచు, ఎండ తగిలినపుడు ఇత్తడివలెను పచ్చవలెను తళుకులీను ఒక పక్షి, తోక మాత్రము తెల్లగా, అడవినేలమీద గింజలు ఏరుకొనుచు కనబడును. అది బాగుగా ఎగురగలదు. దీవినుండి దీవికి పోగలదు. అట్టి పక్షియే పూర్వమొకప్పుడు పడమరగా సాగి సాగి ఏ దీవిలోనో నిలిచిపోయి, కాలక్రమమున డోడో అయినదని ఊహించుట కష్టము కాదు. మారిషస్‌కు తూర్పుననున్న రోడ్రిగ్స్ దీవిలో దాని దాయాదియగు సాలిటేర్ అను మరియొక ఎగురలేని పావురము ఉండెను. అదియు 18వ శతాబ్దమున నశించినది.

మారిషస్‌లోనే గులాబిరంగు పావురము అని మరియొక జాతి కలదు. దానికిని అదే గతి పట్టవలసియుండెను. అడవులు తరిగినవి, ఎలుకలు, పిల్లులు, కోతులు గ్రుడ్లను తినివేసినవి. 1990 ప్రాంతమున అడవిలో మిగిలినవి పదియే పక్షులు. కాని ఈసారి లెక్కించినవారు ఉండిరి. జెరాల్డ్ డరెల్ స్థాపించిన సంస్థవారును, కార్ల్ జోన్స్ మున్నగువారును, మారిషస్ దేశీయులును కలిసి గూళ్లకు కాపలా కాచిరి, ఎలుకలను పట్టిరి, బోనులలో పిల్లలను పెంచి అడవిలో విడిచిరి, కరవు కాలమున గింజలు చల్లిరి. నేడు ఆ పక్షుల సంఖ్య వందలలో ఉన్నది. డోడోకు కరవైనది ఔషధము కాదు, అద్భుతము కాదు. గూటివద్ద ఒక కాపలాదారు, చేతిలో ఒక లెక్కపుస్తకము. అవి సమయమునకు దొరకిన పావురము బ్రతికినది.

మారిషస్ తెలుగువారు నేటికిని ఉగాది జరుపుకొందురు. అది అచట ప్రభుత్వపు సెలవుదినము. రామభజనము చేయుదురు. దీపస్తంభము నిలిపి దాని చుట్టును పాడుచు, ఆడుచు, సింహాద్రి అప్పన్నకు పూజ చేయుదురు. ఐదారు తరముల క్రిందట ఓడ ఎక్కినవారు విశాఖకొండమీది దేవుని పేరును వెంట తీసికొని పోయిరి; మనుమలు దానిని జారవిడువలేదు. ఎవరో ఒకరు ప్రతి తరమునను పట్టుకొని నిలిచిరి కనుకనే అది నిలిచినది. మడుగులోని ఎముకయు అంతే. బురదలో పాదమునకు తగిలినదానిని, ‘ఇది దేనికి’ అని ఆ కూలివాడు పారవేసియుండినచో, ఇట్టి పావురమొకటి భూమిమీద నడచెనని మనమంత నిశ్చయముగా చెప్పగలిగెడివారము కాము.

భీమునిపట్నపు డచ్చి సమాధులవద్దకు మరల పోయినపుడు ఒక క్షణము నిలిచి చూడుడు. ఆ పలకల మీద పేర్లు చెక్కబడియున్నవి. చేమమడుగులో పలక లేదు. అచట పోయిన పక్షులకు పేరు పెట్టినవారు కలరు. ఆ పక్షులను మనకు తిరిగి ఇచ్చినవారి పేర్లు దస్త్రములలో ఎదురుచూచుచున్నవి.